నాలుగు రోజులకని ఇచ్చిన తెప్ప

కామాక్షయ్య తెప్పలో నాలుగు కొయ్యలుండేవి. వాటిలో మూడింటికి అతని తండ్రే పేర్లు పెట్టాడు: పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. నాలుగోది ఒక తుఫానుకు చీలిపోతే దాని చోట వేరే చెట్టుది తెచ్చి కట్టాల్సి వచ్చింది. బయటి నుంచి వచ్చింది కాబట్టి దానికి అల్లుడని కామాక్షయ్యే పేరు పెట్టుకున్నాడు.

తెప్ప పడవలాంటిది కాదు. తేలికపాటి కొయ్యల్ని చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగించి కట్టేది. దానికి గోడల్లేవు. నీళ్ళు సందుల్లోంచి పైకొస్తాయి, మళ్ళీ ఆ సందుల్లోంచే కిందికి పోతాయి. వేట నుంచి రాగానే తాళ్ళు విప్పి కొయ్యల్ని విడివిడిగా ఇసుకలో ఆరబెడతారు. మర్నాడు చీకటితో లేచి మళ్ళీ కడతారు. అట్లా విప్పుతూ కడుతూ కామాక్షయ్యకు నలభై అయిదేళ్ళు గడిచిపోయాయి.

మైపాడుకు ఉత్తరాన, ఇసుక దిబ్బను ఆనుకొని ఉన్న చిన్న పాలెం అతనిది. పాలెంలో అందరూ ఇంజన్లున్న ఫైబర్ బోట్లకు మారినా అతను తెప్పను వదల్లేదు. చివరికి కంటి ఆపరేషన్ అయిన ఏడాది భార్య అంకాలమ్మ, కొడుకు చిన్నబాబు కలిసి వేట మాన్పించారు. కొయ్యలు ఇంటి పక్కన చిన్న తాటాకు పంచలోకి చేరాయి. కామాక్షయ్య రోజూ వాటి మీదే కూర్చొని ఊళ్ళో వాళ్ళ వలలు బాగుచేసి ఇచ్చేవాడు. మధ్యాహ్నం అక్కడే ఓ కునుకు తీసేవాడు. ఆ కునుకులో కొయ్యలు మెల్లగా ఊగేవి. కింద నీళ్ళున్నట్టే ఉండేది. కళ్ళు తెరిస్తే ఇసుక, కోళ్ళు, ఎండలో పరిచిన ఎండు చేపలు.

ఏడేళ్ళు అట్లా గడిచాక ఒకరోజు నరేంద్రబాబు కారులో వచ్చాడు. ఇందుకూరుపేట వైపు వరి పొలాలూ రొయ్యల గుంటలూ ఉన్న కుటుంబం. మైపాడుకు దక్షిణంగా సరుగుడు తోటలో కొత్తగా రిసార్టు కట్టించాడు. మర్యాద తెలిసిన మనిషే. చెప్పులు బయట విడిచి పంచలోకి వచ్చి కొయ్యల మీద చెయ్యి వేశాడు.

"కామాక్షయ్యన్నా, ఇట్టాంటి తెప్ప ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదంటగా. మా ఓపెనింగుకు నాలుగు రోజులు ఇయ్యన్నా. వచ్చేవాళ్ళు చూసి ఆనందపడతారు. అయిదో రోజు నేనే ట్రాక్టర్లో పంపిస్తా."

కామాక్షయ్యకు గర్వమనిపించింది. ఇంతకాలం అందరూ కట్టెలనుకున్న దాన్ని కారున్న మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. సరేనన్నాడు. తెడ్డు కూడా తీసి ఇచ్చాడు.

ఓపెనింగు రోజు భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. తెప్పను చూసి కామాక్షయ్య ఒక క్షణం గుర్తు పట్టలేదు. నీలం రంగు, పసుప్పచ్చ రంగు వేశారు. కొయ్యలు కదలకుండా అడ్డపట్టీలు పెట్టి ఇనుప మేకులు కొట్టారు. ఒడ్డుకు దగ్గరగా ఇటుక దిమ్మెల మీద నిలబెట్టి చుట్టూ చిన్న బల్బులు చుట్టారు. జనం దాని మీద కూర్చొని సెల్‌ఫోన్లలో ఫొటోలు దిగుతున్నారు. అంకాలమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "దీన్ని పెళ్ళికూతుర్ని చేసినారయ్యా" అని నవ్వింది. కామాక్షయ్య నవ్వలేదు. మేకులు దిగిన చోట్లను వేలితో తడిమి చూశాడు.

అయిదో రోజు ట్రాక్టరు రాలేదు. పదో రోజూ రాలేదు.

అడగడానికి వెళితే నరేంద్రబాబు కుర్చీ వేయించి టీ తెప్పించాడు. "ఇంకో వారం ఉండనీ అన్నా, బుకింగులున్నాయి" అన్నాడు. ఆ తర్వాత, సీజన్ అయిపోనీ అన్నాడు. ఆ తర్వాత, "ఇంట్లో పెట్టుకొని ఏం చేస్తావన్నా? ఇక్కడైతే వెయ్యిమంది చూస్తారు" అన్నాడు. ఫోను చేస్తే మోగీ మోగీ ఆగిపోయేది. ఎండలొచ్చి వెళ్ళాయి. వర్షాలూ వచ్చి వెళ్ళాయి.

చిన్నబాబు తండ్రిని చూసి విసుక్కున్నాడు. "నాయనా, అది నీళ్ళల్లో దిగి ఎనిమిదేళ్ళయింది. పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. దానికోసం ఎందుకట్టా తిరగతా ఉండావు?"

"పొయ్యిలో పెట్టేదైనా నాది గదరా" అన్నాడు కామాక్షయ్య. అంతకు మించి చెప్పడం అతనికి చేతకాలేదు.

పెద్దమనుషుల్లో పెడదామని అంకాలమ్మ అంది. అతను ఒప్పుకోలేదు. ఇచ్చింది తను. అడగాల్సిందీ తనే. మధ్యలో ఊరెందుకు?

పంచ ఖాళీ అయ్యాక అతనికి మధ్యాహ్నం నిద్ర పట్టడం మానేసింది. పట్టినా కల ఒకటే. నాలుగు కొయ్యలూ విడిపోయి సముద్రంలో దేని దారిన అది పోతుంటాయి. పెద్దోడు దూరంగా, అల్లుడు ఒడ్డు పక్కన. అతను ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలుస్తుంటాడు. కొయ్యలు ఆగుతాయి, వింటాయి, మళ్ళీ కదులుతాయి.

రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ రెండుసార్లు ఆపేసరికి కామాక్షయ్య ఒడ్డు వెంట వెళ్ళడం మొదలుపెట్టాడు. సముద్రం వైపు గేటు లేదు. పాలెం నుంచి నాలుగు కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి తడి ఇసుక మీద నడిచేవాడు. ముందు పీతలు పరిగెత్తేవి, వెనక అతని అడుగుల్లో నీళ్ళు ఊరేవి. వెళ్ళి తెప్ప పక్కన ఇసుకలో కూర్చొనేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. కాసేపు కొయ్యల మీద చెయ్యి వేసి ఉంచి, ఎండ ముదరక ముందే తిరిగి వచ్చేవాడు.

అక్కడికి వచ్చే జనం అతన్ని కూడా రిసార్టు వాళ్ళే కూర్చోబెట్టారనుకున్నారు. "తాతా, ఇట్టా తిరుగు", "తాతా, తెడ్డు పట్టుకో" అని ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఒకరోజు నరేంద్రబాబు మేడ మీద నుంచి ఇదంతా చూసి కిందికి దిగివచ్చాడు. ముఖంలో నిజమైన సంతోషం.

"రోజూ రా అన్నా. నువ్వుంటే ఆ తెప్పకే అందమొచ్చింది."

ఇంటికి నడిచి వస్తుంటే కామాక్షయ్యకు ఒక విషయం తట్టింది. ఇప్పుడు ఆ మనిషి దగ్గర తెప్ప ఒక్కటే లేదు. తనూ ఉన్నాడు. ఆ మాట అంకాలమ్మతో అన్నాడు. ఆమె పరిచిన చేపలన్నీ తిరగేసింది. తర్వాత, "పోబాక మరి" అంది.

రెండు వారాలు వెళ్ళలేదు. మూడో వారం మళ్ళీ వెళ్ళాడు.

అప్పటికి తెప్ప ఇచ్చి పద్నాలుగు నెలలైంది. చలి వెళ్ళిపోయి, గాలి దక్షిణం నుంచి మెల్లగా వీచడం మొదలైన రోజులు. సముద్రం పొద్దునపూట నూనె పోసినట్టు ఉండేది. ఆరోజు రిసార్టులో నెల్లూరు నుంచి వచ్చిన పెళ్ళి జంటకు ఫొటోలు తీస్తున్నారు. ఫొటోగ్రాఫరు పేరు మస్తాన్. పెళ్ళికూతురు భానుప్రియ గచ్చకాయరంగు పట్టుచీరలో తెప్ప మీద కూర్చొని, పక్కన ఇసుకలో ఉన్న ముసలాయన్ని చూసింది.

"తాతా, ఇది నిజంగా తేలుతుందా? బొమ్మదా?"

"తేలకపోవడమేందమ్మా" అన్నాడు కామాక్షయ్య. "నా పెళ్ళికి ముందు నించీ తేలతా ఉండాది. దీనిమీదే మా సంసారమంతా నడిచింది."

"మరి ఇక్కడెందుకుంది?"

కామాక్షయ్య మేకు చుట్టూ చేరిన ఇసుకను వేలితో తుడిచాడు. మస్తాన్ మాత్రం తేలుతుందన్న మాట పట్టుకున్నాడు. ఇటుకల మీద కాకుండా నీళ్ళల్లో, మోకాలి లోతులో తెప్పను పెట్టి, దాని మీద జంటను కూర్చోబెట్టి తీస్తే ఎట్లా ఉంటుందని నరేంద్రబాబును అడిగాడు. నరేంద్రబాబు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే, కానియ్యమని చెయ్యి ఊపాడు.

"మేకులతో దించగూడదయ్యా" అన్నాడు కామాక్షయ్య లేచి నిలబడి. "అల తగిల్తే కొయ్య ఎటన్నా కదలాల. మేకుంటే చీల్తాది. అవి పీకి, తాళ్ళతో కట్టాల."

పనివాళ్ళు మేకులు పీకారు. ఒక్కో మేకు కీచుమంటూ వచ్చింది. పట్టీలు ఊడదీశారు, బల్బులు తీసి పక్కన పడేశారు. కొబ్బరి తాడు ఎక్కడో స్టోర్‌రూంలో దొరికింది. కామాక్షయ్య దాన్ని నీళ్ళలో తడిపి, నాలుగు కొయ్యల్నీ వరసలో పెట్టి కట్టడం మొదలుపెట్టాడు. పెద్దోడు, నడిపోడు మధ్యలో. చిన్నోడు ఇటు, అల్లుడు అటు. ముడులు గుర్తుంటాయో లేదోనని మొదట భయపడ్డాడు. చేతులు అతన్ని అడగనే లేదు. తాడు చుట్టి, కాలితో తన్నిపెట్టి, లాగి బిగించే ఆ వరస అరగంటలో అయిపోయింది. చుట్టూ చేరినవాళ్ళు మాటలాపేసి చూశారు. భానుప్రియ ఇసుకలో గొంతుకూర్చొని ప్రతి ముడినీ చూసింది.

ఆ సమయంలో అతని మనసులో వేరే ఆలోచన లేదు. అది తర్వాత ఎవరడిగినా ప్రమాణం చేసి చెప్పాడు. ఆ పిల్లకు తెప్ప తేలుతుందని చూపించాలనుకున్నాడు, అంతే.

ఎనిమిదిమంది పట్టి నీళ్ళలోకి దించారు. ఇన్నాళ్ళు ఎండిన కొయ్యలు దూదిలా తేలాయి. జంట ఎక్కి కూర్చుంది. కామాక్షయ్య తెడ్డు పట్టుకొని వెనక నిలబడ్డాడు. మస్తాన్ నడుము లోతు నీళ్ళలోకి దిగి ఇటునుంచీ అటునుంచీ తీశాడు. చిన్న చిన్న అలలు వచ్చి కొయ్యల సందుల్లోంచి పైకి చిమ్మి, భానుప్రియ చీర కుచ్చెళ్ళు తడిపి పోయాయి. ఆమె నవ్వింది. పెళ్ళికొడుకు భయపడ్డాడు. ఫొటోలు అయిపోయాయి.

జంట దిగింది. మస్తాన్ కెమెరా చూపిస్తుంటే అందరూ దాని చుట్టూ మూగారు. తెప్పను పట్టుకున్న పనివాళ్ళు కూడా ఎట్లా వచ్చాయో చూడటానికి వదిలి వెళ్ళారు. ఒక అల వచ్చి తెప్పను ఎత్తి, వెనక్కి పోతూ తనతో పాటు కొంచెం లాగింది. కామాక్షయ్య కాళ్ళ కింద నలభై అయిదేళ్ళు తెలిసిన కదలిక. మోకాళ్ళు తమంతట తామే వంగాయి. తెడ్డు నీళ్ళలోకి దిగింది.

ఒకసారి వేశాడు. ఇంకోసారి వేశాడు. అలలు విరిగే చోట తెప్ప ముక్కు పైకి లేచింది. అతను ముందుకు వంగాడు. నురగ అతని మీదుగా పోయింది. అవతల నీళ్ళు నున్నగా ఉన్నాయి.

ఒడ్డున నరేంద్రబాబు ఫోను చెవి దగ్గర నుంచి తీసి పరిగెత్తుకొచ్చాడు. "కామాక్షయ్యన్నా! యాడికి?"

"ఇంటికయ్యా!" అని అరిచాడు కామాక్షయ్య.

చాలాసేపు ఒడ్డు వెంట మనుషులు కనిపించారు. తర్వాత వాళ్ళు చీమలంతయ్యారు. తర్వాత లేరు.

ఆ ప్రయాణం ఎంతసేపు పట్టిందో అతనికి తెలియదు. నీటి వాలు ఉత్తరానికే ఉంది. పెద్దగా తెడ్డు వెయ్యాల్సిన పని లేకపోయింది. ఎండ మెత్తగా ఉంది. కొయ్యల సందుల్లో నీళ్ళు గుటకలు వేస్తున్న చప్పుడు తప్ప లోకంలో ఇంకే చప్పుడూ లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఒడ్డును అటునుంచి చూస్తున్నాడు. సరుగుడు తోటలు ఒక పచ్చటి గీతలాగా, వాటి వెనక రొయ్యల గుంటల్లో తిరిగే చక్రాల నీటి తుంపర వెండిలాగా మెరుస్తున్నాయి. దక్షిణాన చాలా దూరంలో, మబ్బో పొగో తెలియని చోట కృష్ణపట్నం కరెంటు ప్లాంటు పొగగొట్టాలున్నట్టు అనిపించింది. ఒక చేపల గుంపు తెప్ప కింద నుంచి పోయింది. వాటి నీడలు నీలం నీళ్ళలో పాకి దాటిపోయాయి. కాసేపు అతనికి వయసు గుర్తు లేదు. వెనక తండ్రి కూర్చొని ఉన్నాడేమోననిపించి ఒకసారి తిరిగి కూడా చూశాడు. ఎవరూ లేరు. నీళ్ళు మాత్రం తెప్ప వెనక సన్నగా చీలుతూ వస్తున్నాయి.

సగం దారిలో తెడ్డు బరువెక్కింది. భుజం పట్టేసింది. తెడ్డును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. తెప్ప ఒడ్డుకు దూరంగా జరుగుతోందని తెలిసింది. భయం వేసింది. పెద్దోణ్ణి చేత్తో తట్టి, "ఇంతదాకా వచ్చి నన్ను వదలబాక అబ్బయ్యా" అన్నాడు.

అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. వేట ముగించుకొని వస్తున్న ఫైబర్ బోటు ఒకటి దారి మార్చుకొని అతని వైపు వచ్చింది. అందులో ఉన్నది చిన్నబాబు. నీలం, పసుప్పచ్చ రంగుల తెప్పనూ, దానిమీద తడిసిపోయి కూర్చున్న తండ్రినీ చూసి ఇంజను ఆపేశాడు. బోటు, తెప్ప పక్కపక్కన ఊగాయి.

"ఇచ్చినాడా?" అని అడిగాడు చిన్నబాబు.

"లేదు."

చిన్నబాబు తల గోక్కున్నాడు. తాడు విసరబోయి, తండ్రి ముఖం చూసి ఆగాడు. "లాగేదా? నువ్వే వస్తావా?"

"నువ్వు పక్కన రా. చాలు" అన్నాడు కామాక్షయ్య.

ఇంజనును అతి తక్కువలో పెట్టి, నడిచినంత వేగంతో, కొడుకు తెప్పకు సముద్రం వైపున వచ్చాడు. తెప్ప బయటికి జరిగినప్పుడల్లా బోటు పక్క ఆనించి మెల్లగా ఒడ్డు వైపు నెట్టాడు. పాలెం కనిపించేదాకా ఇద్దరూ అట్లాగే వచ్చారు.

ఒడ్డున అంకాలమ్మ ఎండు చేపలు తిరగేస్తోంది. జనం అరుపులు విని తల ఎత్తింది. తెప్ప ఇసుకకు తగిలి ఆగింది. కామాక్షయ్య లేవబోయాడు. ఆమె వచ్చి చెయ్యి పట్టుకొని లేపింది. ఉప్పు కట్టిన అతని గడ్డం చూసి తిట్టాలనుకుంది. "కంట్లో నీళ్ళు పడనీకుండా జాగ్రత్తగా ఉండమన్నారు గదయ్యా డాక్టరుగారు" అని మాత్రం అనగలిగింది.

పొద్దు వాలకముందే నరేంద్రబాబు కారు వచ్చింది. పాలెంలో సగంమంది ఒడ్డున చేరారు. కొయ్యలు అప్పటికే తాళ్ళు విప్పి విడివిడిగా ఇసుకలో ఆరుతున్నాయి.

"ఒక్కమాట చెప్పకుండా తీసుకొస్తావా అన్నా? నా మర్యాదేం కావాల?" అన్నాడు నరేంద్రబాబు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"చెప్పినా గదయ్యా" అన్నాడు కామాక్షయ్య. గొంతు పెంచలేదు. "పద్నాలుగు నెలల్నించీ చెప్తానే ఉండా."

ఎవరూ నవ్వలేదు. నరేంద్రబాబు అందరి ముఖాలూ చూశాడు. కొయ్యల్లోని మేకుల రంధ్రాలు చూశాడు. ఒక్కో రంధ్రం నుంచీ తుప్పు నీరు కారి చార కట్టింది. చివరికి, "నువ్వు వాడుకోవడం లేదు గదా, పర్లేదులే అనుకున్నా" అన్నాడు.

"వాడుకోకపోయినా ఉండాల గదయ్యా" అంది అంకాలమ్మ వెనక నుంచి.

ఆమే టీ తెచ్చి ఇచ్చింది. నరేంద్రబాబు నిలబడే తాగాడు. తన దగ్గర పెట్టుకోవడానికి ఇంకోటి చేసిస్తావా అని అడిగితే, అట్టాంటి కొయ్య ఇప్పుడు దొరకదనీ, పాడైపోయిన ఫైబర్ బోట్లు ఒడ్డున నాలుగైదు పడి ఉన్నాయనీ, కావాలంటే వాటికి రంగులేసుకోమనీ కామాక్షయ్య చెప్పాడు. నెల తిరక్కుండానే ఒకటి ట్రాక్టరెక్కి పోయింది. దాని మీద కూడా జనం బాగానే ఫొటోలు దిగుతున్నారట.

రంగు గీకడానికి కామాక్షయ్యకు పన్నెండు రోజులు పట్టింది. పూర్తిగా పోలేదు. చెక్క గీతల్లో నీలం మిగిలిపోయింది. మేకు రంధ్రాల్లో పీచు కూరి, తారు పూశాడు. ఆ తర్వాత సముద్రం నెమ్మదిగా ఉన్న పొద్దుల్లో, చిన్నబాబు ఒడ్డున ఉంటేనే, అలలు దాటి కొంచెం దూరం వెళ్ళి గాలం వేసి రావడానికి ఇంట్లో ఒప్పుకున్నారు.

ఒక ఉదయం అతను తాళ్ళు బిగిస్తుంటే అంకాలమ్మ వచ్చి పక్కన నిలబడింది. నలభై ఏళ్ళుగా ఆమె తెప్పను తోసి పంపింది, ఎదురుచూసింది, చేపలు గంపకెత్తుకుంది. ఎక్కింది మాత్రం లేదు. వాళ్ళ పాలెంలో ఆడవాళ్ళు ఎక్కే ఆనవాయితీ లేదు.

"ఎవురో నెల్లూరు పిల్లని కూచోబెట్టుకున్నావంట" అంది.

కామాక్షయ్య తాడు వదిలి ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వడం లేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, అప్పటికే చీలమండల లోతు నీళ్ళలో ఉంది.

"ఊళ్ళో చూస్తే ఏమంటారే?"

"ఏమంటారు? నా మొగుడి తెప్ప."

అతను అటూ ఇటూ చూసి, చెయ్యి అందించాడు. ఆమె పెద్దోడి మీద, నడిపోడి మీద చెరో చెయ్యి గట్టిగా ఆనించి కూర్చుంది. మొదటి అల వచ్చినప్పుడు కళ్ళు మూసుకొని అంకమ్మ తల్లిని తలుచుకుంది. రెండో అల దాటాక కళ్ళు తెరిచింది. నున్నటి నీళ్ళలో తెప్ప ఆగింది. అంకాలమ్మ మెల్లగా వెనక్కి తిరిగి, తన జీవితంలో మొదటిసారి సముద్రం మీద నుంచి తన ఒడ్డును చూసింది. తాటాకు పంచ, చేపలు పరిచిన ఇసుక, దండెం మీద ఆరేసిన తన చీర. అన్నీ అరచేతిలో పట్టేంత ఉన్నాయి.

"మన ఇల్లు ఇంతేనా?" అంది.

"ఇంకా పోతే అదీ కనపడదు" అన్నాడు కామాక్షయ్య.

"అయితే ఇంకొంచెం పోనీ" అంది అంకాలమ్మ.